నూట పాతికమంది పథ్యం

ఒకానొక రాజ్యంలో వీరభూపతి అనే రాజుండేవాడు. తన మాట కాదనే మనిషి ఇంకా పుట్టలేదని ఆయన నమ్మకం. పుట్టినవాళ్ళంతా చెరసాలలో ఉండటంతో ఆ నమ్మకానికి లోటు రాలేదు.

ఒక వేసవిలో ఆస్థాన వైద్యుడు కీళ్ళనొప్పులకు కొత్త కషాయం కాచాడు. నలభై రోజులు తాగాలి, ఉప్పూ పులుపూ కారమూ ముట్టకూడదు. గుణం తేలాలంటే వందమంది చివరిదాకా నిలవాలన్నాడు. సరిగ్గా వందమందిని పట్టుకురమ్మన్నాడు రాజు. రానన్నవాడికీ, మధ్యలో మానినవాడికీ చెరసాలేనని చాటింపు వేయించాడు.

విదూషకుడు పేరన్నకు కడుపు మండింది. వచ్చేది మోకాళ్ళు అరిగిన కూలీలు, కారం మెతుకు తప్ప మరో సుఖం ఎరగనివాళ్ళు. పైగా అది కొత్త ఆవకాయ కలిపే నెల.

పేరన్న రాజుతో, చెర వద్దనీ, ఇష్టపడి వచ్చినవాళ్ళనే వందకంటే ఎక్కువమందిని చేర్చుకుందామనీ, ఎలాగూ ఐదుగురిలో ఒకరు మానేస్తారనీ చెప్పాడు. మంత్రి వెంటనే లెక్క కట్టి, పోయే ఇరవైమందికి బదులు ఇరవైమందిని కలిపితే సరన్నాడు.

"ఆ ఇరవైమందికి మాత్రం నాలుకల్లేవా, మంత్రిగారూ? వాళ్ళలోనూ నలుగురు పోతారు. నూట పాతికమంది ఉండాలి. అంతమంది ఒప్పుకోవాలంటే ఇంకా ఎక్కువమందిని అడగాలి."

రాజు మండిపడ్డాడు. "నేను ఆజ్ఞాపిస్తే మానేవాడెవడురా?"

"అయితే ప్రభువుల పేరే ముందు రాయించండి. మెట్లెక్కుతుంటే తమ మోకాళ్ళూ మూలుగుతున్నాయిగా."

రాజు మీసం దువ్వాడు. తాను మానితే పేరన్న లెక్కే శాసనం, మానకపోతే పేరన్నకే చెర అన్నాడు.

ఐదు రోజులు కషాయం దిగింది. ఆరో రోజు పేరన్న వంటవాళ్ళతో ఒక్క మాట చెప్పాడు. ఆవకాయ పెరట్లో కాకుండా రాజు భోజనశాల పక్కగదిలో కలిపారు.

కషాయం వేళకు పేరన్న వైద్యుడితో లోపలికి వెళ్ళేసరికి రాజు పళ్ళెం వెనక్కి దాచాడు. పలకరిస్తే పలకలేదు. నోట్లో టెంక ఉంది.

"చెరసాల తలుపు తీయించమంటారా, ప్రభూ? అక్కడ ఆవకాయ పెట్టరు మరి."

కోపం తెచ్చుకోబోయిన రాజుకు పొలమారింది. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వాడు. చెర రద్దయింది. రాజు పేరు కొట్టేయబోయిన వైద్యుణ్ణి పేరన్న ఆపాడు. "ఉండనీండి. మానినవాళ్ళనూ లెక్కలో చూపాలి. మొదటి పేరు గొప్పగా ఉంది."

రాజు ఆవకాయ జాడీ బహుమానంగా ఇచ్చాడు. పేరన్న దాని మూతికి గుడ్డతో గట్టిగా వాసెన కట్టి, కషాయం తాగే కూలీల వీధి వదిలేసి, చుట్టుదారిన ఇంటికి మోసుకెళ్ళాడు.