ఓబులమ్మ పాలు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మన తాతల తాతలు పుట్టకముందు మాట.

కరువుసీమలో వానలు మొహం చాటేశాయి. ఓబులమ్మ అనే ముసలిది పుట్టిన చోటి ఎర్రమట్టి మూటకట్టుకుంది. నడిచి, నడిచి, నడిచి సముద్రం ఒడ్డున ఒక ఊరు చేరింది. గోడల మీద బొమ్మలు వేయడం తప్ప ఆమెకు వేరే విద్య లేదు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు. ఏటా జాతర ముందు ఇంటింటివాళ్ళూ తమ ఇంటివాళ్ళ బొమ్మను అమ్మవారి గుడిగోడ మీద మట్టితో అద్దాలి. గోడ మీద బొమ్మ ఉన్నవాళ్ళకే ఊరి శ్మశానంలో చోటు. లేనివాళ్ళ శవం ఏటిపాలు. ఓబులమ్మకు ఆ భయమే పట్టుకుంది.

మొదటి ఏడు ఎర్రమట్టితో తన బొమ్మ అద్దింది. ఊరిపెద్ద పోలినాయుడు వచ్చాడు.

"ఏటే ముసిలీ, ఇది మా మట్టి కాదు. తీసెయ్!" గీకించేశాడు.

రెండో ఏడు ఊరి నల్లమట్టితోనే అద్దింది.

"మా మట్టి ఎత్తుకొచ్చి మా గోడకే పూస్తావేటి? తీసెయ్!" గీకించేశాడు.

మూడో ఏడు రెంటినీ కలిపి పిసికింది. జుట్టుకు చిరుగుకోక పీలికలు, కళ్ళకు చేప పొలుసులు అతికించింది.

పోలినాయుడు పకపకా నవ్వాడు. "ఇది మాదీ కాదు, నీదీ కాదు. మరేటిది?"

"నేనే నాయనా. ఆడ పుట్టినా, ఈడ చావబోతున్నా."

"అయితే మా మట్టి మాకిచ్చేసి, నీ మట్టి పట్టుకుపో."

"నువ్వే ఏరుకో సామీ."

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు. పోలినాయుడికి తల కొట్టేసినట్టయింది. బొమ్మను పెళ్ళగించి ఏట్లో పారేయించాడు.

ఆ వానాకాలమే ఓబులమ్మ కన్నుమూసింది. భయపడినంతా జరిగింది. శవాన్ని ఏట్లోకి తోసేశారు. ఒక్కరూ అడ్డుపడలేదు. పోలినాయుడి భార్య అసిరమ్మ కూడా గట్టు మీద నిలబడి చూసింది.

మళ్ళీ జాతర వచ్చింది. గుడి ముందు అసిరమ్మ తన ఇంటి బొమ్మకు పిసికే మట్టిలో ఏదో తెల్లమట్టి కలుపుతోంది.

"ఎక్కడిదే అది?" అన్నాడు పోలినాయుడు.

"మా కన్నోరి ఊరిది. నేనూ ఇక్కడ పుట్టలేదు కదా. నన్నూ ఏట్లో తోయించెస్తావేటి?"

గుడి ముందున్న కోడళ్ళంతా చేతులాపి అతని వైపు చూశారు. అందరూ వేరే ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళే. అతను తల దించుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పటికీ అక్కడికి కాపురానికొచ్చే కోడలు పుట్టింటి మట్టి కొంగున ముడేసుకొస్తుంది. బతుకుతెరువుకొచ్చిన పరాయివాళ్ళనూ మట్టి తెమ్మంటారు. అంతా కలిపి, మొదటి ముద్ద గోడకు కొడతారు. అది ఆమె వాటా. దాన్ని ఓబులమ్మ పాలు అంటారు.

తప్పు దిద్దుకోవడం మంచిదే. కానీ ఓబులమ్మకు ఆ ఊరి నేలలో జానెడు చోటు నేటికీ లేదు.