సున్నా చూపిన మీటరు

నూకరాజు మాస్టారిని ఏది అడిగినా ముందు మమ్మల్ని ఒకప్పుడు తాను పనిచేసిన టెలిఫోన్ ఎక్స్ఛేంజీకి మాటల్లోనే తీసుకుపోయేవారు. అది మూతబడి ముప్పయ్యేళ్ళు దాటినా ఆయన ఇంకా డ్యూటీ దిగలేదని మేం నవ్వుకునేవాళ్ళం. కాకినాడలో ఆయన మేడ మీద ఆదివారాలు నలుగురైదుగురం చేరి, నెట్‌వర్కులో సమాచారాన్ని ప్యాకెట్లనే చిన్న చిన్న ముక్కలుగా ఒక చోటి నుంచి మరో చోటికి మోసే సాఫ్ట్‌వేరు రాస్తుండేవాళ్ళం. దాన్ని ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, తప్పు కనబడితే దిద్దనూవచ్చు. ఆ మేడా, ఆ మరమరాల పళ్ళెమూ తలుచుకుంటే నాకిప్పటికీ బెంగగానే ఉంటుంది.

ఒక ఆదివారం సునంద ఆయనతో పేచీకి దిగింది. దారిలో పడిపోయిన ప్యాకెట్లు ఎన్నో లెక్కపెట్టి చూపించే భాగం ఆమె రాసింది. అది సరిగ్గా లెక్కపెడుతోందా అని చూసే పరీక్ష కూడా రాస్తేనే తీసుకుంటానని మాస్టారు పట్టుబట్టారు.

"ప్యాకెట్లు చేరుతున్నాయో లేదో చూసే పరీక్షలు ఉన్నాయి కదండీ. ఒట్టి అంకె చూపించేదానికి కూడా పరీక్షేమిటి మాస్టారూ? నెల రోజులుగా చూస్తున్నాను, సున్నాయే ఉంది."

మాస్టారు కాసేపు మరమరాలు నమిలారు. తరువాత, మేం అనుకున్నట్టే, ఎక్స్ఛేంజీకి బయల్దేరారు.

అప్పుడాయనకు ఇరవై మూడేళ్ళు. మన్యం అంచున చిన్న ఊరు, అక్కణ్ణించి పట్నానికి నాలుగే లైన్లు. నాలుగూ నిండి ఉండగా ఎవరైనా ఫోను చేస్తే, గోడ మీది ఒక మీటరులో అంకె ఒకటి పెరగాలి. ఆయన చేరిన నాటి నుంచీ అది సున్నా దగ్గరే ఉంది. రోజూ దాన్ని తుడిచి, రిజిస్టరులో సున్నా వేసి, ఎక్స్ఛేంజీ ఎంత చక్కగా నడుపుతున్నానో అని మురిసిపోయేవారట. ఆ సున్నాలు చూసి పైవాళ్ళు, నాలుగు అక్కర్లేదని, రెండు లైన్లు వేరే ఊరికి మార్చేస్తామన్నారు. అభ్యంతరం లేదని ఈయన ఉత్తరం రాసి జేబులో పెట్టుకున్నారు.

దాన్ని పోస్టు చెయ్యాల్సిన పొద్దున్నే కొండ మీది పల్లెలో పనిచేసే నర్సమ్మ నాలుగు మైళ్ళు నడిచి వచ్చింది. కాళ్ళకు మోకాళ్ళ దాకా బురద.

"బాబూ, కాన్పు కష్టమయింది, జీపు పంపమని నిన్నటి నుంచి పట్నానికి ఫోను చేస్తన్నాను. ఎంతకీ లైను దొరకట్లేదు."

"మీటరు సున్నా ఉందమ్మా. లైను దొరక్కపోవడమన్నది లేదు," అన్నారట ఈయన.

ఆపరేటరు దుర్గాంబ గారు ముందు పట్నానికి కలిపి జీపు బయల్దేరదీసింది. తరువాత నాలుగు లైన్లూ తానే పట్టి ఉంచి, ఎదురుగా ఉన్న పోస్టాఫీసు నుంచి పట్నానికి ఫోను చెయ్యమని ఈయన్ని పంపింది. ఎంగేజి మోత వినబడింది. పరుగున వచ్చి చూస్తే మీటరులో సున్నా. విప్పి చూస్తే, దానికి రావలసిన తీగ మొదటి నుంచీ కలపనే లేదు.

"నాయనా, అది కదలగా ఎప్పుడైనా చూశావా?" అని ఒక్కటే అడిగిందట ఆవిడ.

తీగ కలిపారు. మర్నాటి సాయంత్రానికి అంకె నలభై ఒకటికి వెళ్ళింది. ఈయన ఉత్తరం చించేశారు, నాలుగు లైన్లూ నిలిచాయి. కొండ మీద తల్లి దక్కింది. బిడ్డ సంగతి మేం అడిగాం. మాస్టారు చెప్పలేదు.

సునంద లాప్‌టాప్ తెరిచింది. మూడు ప్యాకెట్లను కావాలని పడేసి, లెక్క ఎంతయిందని అడిగే పరీక్ష రాసి నడిపింది. మూడు రావాలి. సున్నా వచ్చింది.

"ఇన్నాళ్ళూ నాది లెక్కే పెట్టడం లేదండీ," అంది, సిగ్గుతో మొహం వాడిపోయి.

మాస్టారు మరమరాల పళ్ళెం ఆమె వైపు జరిపారు.

"మంచిదేనమ్మా. ఈసారి ఆ సంగతి చెప్పడానికి ఏ నర్సమ్మా నడిచి రానక్కర్లేకపోయింది."