రాజుగారి నెమలికి కట్టెలు

అనగనగా, మూగజీవాల మాట మనుషులకు ఇంకా అర్థమవుతున్న కాలంలో, హేమగిరి అనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే మణికేతుడు ఒక వింత యంత్రం చేయించాడు. ఏ ఊళ్లో ఎప్పుడు వాన పడుతుందో అడిగితే అది చెప్పేది. ఆ మాట నమ్మి రైతులు విత్తనాలు చల్లేవారు.

యంత్రం ఏ పని ఎలా చేయాలో వరుసగా ఆజ్ఞలు రాసే ఆవిడ పేరు వసుమతి. అలాంటి ఆజ్ఞలనే ఇప్పుడు మనం సాఫ్ట్‌వేర్ అంటున్నాం.

యంత్రం నడవాలంటే పొయ్యి మండాలి. ఆ పొయ్యికి కట్టెలు మోసేది గిరిక అనే ముసలి ఏనుగు.

మొదట్లో అడవి కోటగోడ పక్కనే ఉండేది. తరువాత వాగు దాటవలసి వచ్చింది. ఆ తరువాత కొండెక్కి దిగవలసి వచ్చింది. గిరిక కాళ్లు వాచిపోయాయి. పడుకుంటే మళ్లీ లేవలేనేమోనని నిలబడే కునుకు తీసేది.

ఒకనాడు మోపు దించి, రొప్పుతూ అడిగింది.

"అమ్మా వసుమతీ, రాత్రిళ్లు కూడా పొయ్యి మండుతూనే ఉంటుంది. ఆ వేళ వాన సంగతి ఎవరడుగుతారు?"

"ఎవరూ అడగరు గిరికా."

"మరి నేను ఎవరికోసం మోస్తున్నాను?"

వసుమతి వెళ్లి ఆజ్ఞలన్నీ మొదటినుంచి చదువుకుంది.

ఎవరూ అడగకపోయినా యంత్రం తిరుగుతోంది. ఆ ఆజ్ఞ కొట్టేసింది. కట్టెలు కొంత తగ్గాయి.

ఒక ఊరి వాన అడిగితే అన్ని ఊళ్ల లెక్కా వేస్తోంది. అదీ కొట్టేసింది. ఇంకా తగ్గాయి.

ప్రతి జవాబుకీ ముందు యంత్రం మీద ఒక బంగారు నెమలి బొమ్మ పురి విప్పి ఆడుతుంది. రాజుగారికి అదంటే ప్రాణం. వసుమతి చాలాసేపు ఆలోచించి, దాన్ని ఆడించే ఆజ్ఞనూ కొట్టేసింది.

మణికేతుడు మండిపడుతూ వచ్చాడు. "నా నెమలి ఏదీ?"

"తీసేశాను ప్రభూ. వాన చెప్పడానికి గుప్పెడు పుల్లలు చాలు. నెమలి ఆడటానికే మోపులు కాలుతున్నాయి."

"నా రాజ్యంలో అడవికి కొదవా? మళ్లీ పెట్టు. లేదా కొలువు వదిలి వెళ్లు."

"వెళ్తాను ప్రభూ. పెట్టను మాత్రం."

అప్పుడు పొయ్యి దగ్గరున్న గిరిక మెల్లగా అంది. "ప్రభూ, నెమలికి కట్టెలు కావాలంటే తెస్తాను. ఒంటరిగా నడిచే ఓపిక లేదు. ఈ ఒక్కసారి తోడు రండి."

రాజు నవ్వి బయలుదేరాడు. వాగులో నీళ్లు లేవు. ఇసుక కాళ్లు కాల్చింది. కొండ ఎక్కేసరికి అరికాళ్లు బొబ్బలెక్కాయి. కొండ దిగి, ఒక మొద్దు మీద కూలబడ్డాడు.

"ఇంకెంత దూరం గిరికా? అడవి ఎక్కడ?"

"మీరు కూర్చున్నది అడవిలోనే ప్రభూ."

రాజు చుట్టూ చూశాడు. కనుచూపు మేర మొద్దులే.

నెమలి మళ్లీ ఆడలేదు. వసుమతి కొలువు నిలిచింది. రైతులకు వాన కబురు ఎప్పటిలాగే అందింది. రాజు కొండ కింద మొక్కలు నాటించాడు. అవి పెరిగి నీడనిచ్చేదాకా తాను ఉండనని గిరికకు తెలుసు. అయినా తొండంతో వాటికి నీళ్లు పోసి, కాస్త ఆగి, అలుపు తీర్చుకుని, పక్క మొక్క దగ్గరికి నడిచేది.

అక్కరకు మించి యంత్రం చేసే ప్రతి పనినీ ఎక్కడో ఒక వీపు మోయవలసిందే.