నొప్పి చెప్పని పాదాలు

ఎవరైనా ఏదైనా అడిగితే ఏలియా గారు నోటితో జవాబు చెప్పేవారు కారు. అడిగినవాణ్ణి ఏదో ఒక పనిలోకి దింపి, తాను పక్కన ఉండి చూసేవారు. పని పూర్తయ్యేసరికి ప్రశ్న ఏమయిందో అడిగినవాడే తేల్చుకోవాలి. "ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు కదా, ఇంత తతంగం దేనికి?" అని విసుక్కుని వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని ఆయన వెనక్కి పిలవలేదు.

ఆయన పండితుడు కాదు, ఏ పీఠానికీ అధిపతి కాదు. జోళ్ళు కుట్టే మనిషి. కుష్ఠువ్యాధి మందులతో పూర్తిగా నయమైనా కొందరికి పాదాల్లో స్పర్శ తిరిగి రాదు. ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తొక్కినా ఆ కాలికి తెలియదు. తెలియదు కాబట్టి నడుస్తూనే ఉంటారు. పుండు పడుతుంది, అది ఎముక దాకా పోతుంది, ఆఖరికి కాలే తీసెయ్యాల్సి వస్తుంది. అలాంటివాళ్ళకి మెత్తటి రబ్బరు పరిచి, మేకు అన్నది తగలనివ్వకుండా, ఎవరి పాదం కొలతకి వాళ్ళకి జోళ్ళు కుట్టడంలో ఏలియా గారు నలభై ఏళ్ళు గడిపారు. ఆయన బల్ల దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు పదిహేడుమంది. వాళ్ళంతా ఆయన్ని గురువుగారనే పిలుస్తారు, అలా పిలవడానికి ఎవరి అనుమతీ అడగలేదు.

ఆ పదిహేడుమందిలో దయారత్నం అందరికంటే చురుకైనవాడు. గురువుగారు తప్పుకున్నాక ఆ జోళ్ళ కేంద్రం పెత్తనం అతనికే వచ్చింది. ఏడుగురు పనిచేసే రేకుల షెడ్డుని ఆరేళ్ళలో ముప్ఫైమంది పనిచేసే కేంద్రంగా పెంచాడు. మిషన్లు తెప్పించాడు, పని ముక్కలు ముక్కలుగా పంచాడు. ఒకరు రబ్బరు కోస్తే ఒకరు అతికిస్తారు, ఇంకొకరు పట్టీ కుడతారు. గోడకి నిలువెత్తు బోర్డు పెట్టించాడు: ఏ పాదమూ గాయపడకూడదు. పొద్దున్నే అందరూ లేచి నిలబడి ఆ మాట పైకి చదివాకే పని మొదలు. మాటలో వంక పెట్టడానికేమీ లేదు. చదివించినవాడు కూడా మనస్ఫూర్తిగానే చదివించాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం దయారత్నం ఆస్పత్రి నుంచి నేరుగా గురువుగారి ఇంటికి వచ్చాడు. బుట్టలల్లి సంతకి మోసుకెళ్ళి అమ్ముకునే అప్పలసూరికి ఆ ఉదయమే ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. నాలుగు నెలలుగా అతను వేసుకుంటున్నవి కేంద్రం ఇచ్చిన జోళ్ళే. పైగా డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. ఈ మూడు నెలల్లో పుళ్ళతో వచ్చినవాళ్ళలో పదకొండుమంది కాళ్ళకి ఉన్నవి ఆ కేంద్రం జోళ్ళేనట.

"గురువుగారూ, ఆ బోర్డు మీది మాట మావాళ్ళకి నిద్దట్లో లేపి అడిగినా వస్తుంది. చేతుల్లోకి మాత్రం రావడం లేదు. ఎవడి బల్ల దగ్గర వాడు ముక్క చేసి అవతల పడేస్తున్నాడు. ఎందుకు చేస్తున్నామన్నది మనుషుల్లోకి ఎక్కించేదెలాగో చెప్పండి. లేకపోతే ఇంకా ఎన్ని కాళ్ళు పోతాయో" అన్నాడు.

ఏలియా గారు, "జోళ్ళు తీసుకున్నోళ్ళు ఏటంతన్నార్రా?" అని అడిగారు.

ఆ ప్రశ్నకి దయారత్నం దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. సంచిలోంచి లావుపాటి పుస్తకం తీశాడు. రెండేళ్ళ కిందట అతనే పెట్టించిన అభిప్రాయాల పుస్తకం అది. కొత్త జోళ్ళు తొడిగించగానే ఎలా ఉన్నాయని అడిగి, వాళ్ళన్నది రాసుకుని వేలిముద్ర వేయిస్తారు. బాగున్నాయి. చాలా బాగున్నాయి. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి. పుస్తకమంతా అవే మాటలు, ఒక్క ఫిర్యాదు లేదు. కేంద్రం చూడటానికి వచ్చే పెద్దలకి దయారత్నం ముందుగా చూపించేది ఈ పుస్తకమే. ఏలియా గారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా ఓపిగ్గా తిప్పి, మూసి, అతని చేతిలో పెట్టారు.

"రేపు జోళ్ళిచ్చే రోజు గదా, నానొస్తాను" అన్నారు.

మర్నాడు ఉదయం కేంద్రం వరండాలో నలభైమంది దాకా కూర్చుని ఉన్నారు. వరసలో మొదట ఉన్నది పోలమ్మ. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్ముకునే మనిషి, నోరు మంచిది. ఆమెకి కొత్త జత తొడిగారు. ఏలియా గారు సైగ చెయ్యగానే దయారత్నం తానే వంగి, "ఎలా ఉన్నాయమ్మా?" అని అడిగాడు.

"దూది మీద నడిసినట్టుంది బావూ!" అంది పోలమ్మ. దయారత్నం ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు.

"అమ్మా, ఓపాలి బజారు సివరదాకా ఎల్లి తిరిగొచ్చీ. తొందరేటీ లేదు" అన్నారు ఏలియా గారు. ఆమె వెళ్ళింది. వెనక ఉన్నవాళ్ళు గొణుక్కున్నారు. దయారత్నం రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. గురువుగారు మాత్రం ఎవరినో పంటల గురించి అడుగుతూ తీరిగ్గా కాలక్షేపం చేశారు. అరగంట తరవాత పోలమ్మ తిరిగి వచ్చింది.

"కూకో" అన్నారు ఏలియా గారు, దయారత్నానికి నేల చూపిస్తూ. అతను ఇస్త్రీ బట్టలతోనే కూర్చున్నాడు. "ఆవిడ జోళ్ళిప్పు. సెయ్యెట్టి సూడు. అరసెయ్యి కాదురా, మరిసిపోనావా? ఏళ్ళ ఎనకతట్టు."

దయారత్నం మరిచిపోలేదు. పని నేర్చుకునే రోజుల్లో ఇలా కొన్ని వేల పాదాలు తాకి చూశాడు. కొత్త జోడు ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ చర్మం వేడెక్కుతుంది. కాలు చెప్పలేని సంగతిని ఆ వేడి చెబుతుంది. కుట్టినవాడే కూర్చుని చూసుకోవాలన్నది ఆ రోజుల్లో పద్ధతి. ఇప్పుడతను పోలమ్మ పాదం ఒళ్ళోకి తీసుకుని వేళ్ళ వెనకవైపు ఆనించాడు. మడమ చల్లగా ఉంది. పాదం నడుమా చల్లగానే ఉంది. చిటికెన వేలి పక్కకి వచ్చేసరికి వేళ్ళు ఆగిపోయాయి. అప్పుడే టీ పోసిన గ్లాసులా ఉందక్కడ. రెండో పాదం చూశాడు. అదే చోటు, అదే వేడి.

"అమ్మా, ఇక్కడ ఒరుసుకుంటున్నట్టు నీకేమీ అనిపించలేదా?"

పోలమ్మ నవ్వింది. "నాకెలాగ తెలుస్తాది బావూ? ఆ కాళ్ళు నాతోటి మాటాడి పన్నెండేళ్ళయింది. బాగున్నాయా అని తమరడిగారు, బాగున్నాయన్నాను. ఇంత కట్టపడి కుట్టినోళ్ళ మొకం మీద బాగోలేవంటే ఏటి బాగుంటాది?"

దయారత్నం ఆ పాదం వదల్లేదు. నొప్పి తెలియని కాళ్ళని పట్టుకుని, నొప్పిగా ఉందా అని రెండేళ్ళపాటు అడిగాడు. లేదన్న జవాబులన్నీ రాయించి, పుస్తకం కుట్టించి, ఊరంతా చూపించుకున్నాడు. సిగ్గుతో అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ తాకి చూసే పద్ధతి మాన్పించింది కూడా తానే. దుర్బుద్ధితో మాన్పించలేదు. తెల్లారకుండా బయల్దేరి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరి అరగంట కోసం ఎండలో పడిగాపులు పడుతుంటే చూడలేక, ఒక మాట అడిగి పంపిస్తే వేళకి ఇళ్ళకి చేరతారు కదా అనుకున్నాడు. అందరూ సంతోషించారు. తప్పు దయలాగే కనిపించింది, అందుకే ఎవరూ పట్టుకోలేకపోయారు.

అతను లోపలికి కబురు పెట్టి జక్రయ్యని పిలిపించాడు. జక్రయ్య యాభై దాటినవాడు, పట్టీలు కుట్టే పని అతనిది. ఎనిమిది నెలల కిందట కొత్త మిషను వచ్చినప్పటి నుంచి పట్టీ అంచు లోపలికి మడిచి కుడుతున్నాడు. పైకి చూస్తే పెద్ద కొట్లో కొన్న జోళ్ళలా ఉంటాయి. ఆ అంచు పనికి ప్రతినెలా మెప్పు పొందేవాడు కూడా. దయారత్నం పోలమ్మ పాదం అతనికి వదిలి పక్కకి జరిగాడు. జక్రయ్య కూర్చుని వేళ్ళు ఆనించాడు. తరవాత పట్టీ లోపలి వైపు బొటనవేలితో తడిమాడు. మడత దగ్గర బియ్యపుగింజంత ఎత్తుగా గట్టు కట్టి ఉంది. అతని ముఖంలో కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు.

"ఇది నా కుట్టే" అన్నాడు. "ఈ పట్టీలతోటి ఎన్ని జతలెల్లాయి సార్?" అని అడిగాడు.

"రెండువందల పది."

"అప్పలసూరిది?"

దయారత్నం తల ఊపాడు. ఏలియా గారు అప్పటికే పోలమ్మ జోడు ఒళ్ళో పెట్టుకుని, మడత కుట్లు విప్పి, అంచు పలచగా చెక్కుతున్నారు. వరసలో తరవాతి మనిషిని నడిచి రమ్మని పంపించారు.

సాయంత్రం దయారత్నం అందరినీ పిలిచాడు. "తప్పు మీలో వెతికాను. తప్పు నాది. పాదాన్ని తాకే పని మీ చేతుల్లోంచి తీసేసి, ప్రేమ లేదని మిమ్మల్నే నిందించాను. రేపటి నుంచి మిషన్లు ఆగుతాయి. ఆ రెండువందల పది జతలూ ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికి మనమే వెళ్దాం."

"శుక్రవారం పట్నం నుంచి పెద్దలొస్తున్నారు కదండీ! షెడ్డు ఖాళీగా ఉంటే ఏం బాగుంటుంది?" అని ఎవరో గుర్తు చేశారు.

"ఖాళీ షెడ్డే చూస్తారు" అన్నాడు దయారత్నం.

అన్నంత పనీ చేశాడు. ముప్ఫైమంది ఇద్దరిద్దరుగా విడిపోయి బస్సుల్లో, ఆటోల్లో, కాలినడకన బయల్దేరారు. ఇన్నేళ్ళుగా రబ్బరు కోస్తున్నవాడు, తాను కోసిన ముక్క మీద నిలబడే వేళ్ళు లేని పాదాన్ని మొదటిసారి చూశాడు. చూసి ఆ పూట అన్నం తినలేకపోయాడు. అతుకులు వేసే ఆవిడ ఒక ముసలాయన పక్కనే అరగంట నడిచి, ఆయన పాదం తడిమి, అరుగు మీదే కూర్చుని పట్టీ విప్పి కుట్టింది. పొద్దుటి మొదటి బస్సు అందుకునే తొందరలో బోర్డు చదవడం అందరూ మరిచిపోయారు. దయారత్నం కూడా మరిచిపోయాడు. ముప్ఫై ఎనిమిదిమంది పాదాలు వేడిగా తగిలాయి. ఏడుగురికి అప్పుడే బొబ్బలెక్కుతున్నాయి. ఇంకొక్క వారం ఆలస్యమైతే ఆ ఏడుగురి గతీ అప్పలసూరి గతే అయ్యేదని డాక్టరు అన్నాడు.

అప్పలసూరి దగ్గరికి దయారత్నం ఒక్కడే వెళ్ళాడు. పుండు నీ అజాగ్రత్త వల్ల పడలేదు, మా పట్టీ వల్ల పడింది అని చెప్పాడు. అప్పలసూరి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చూడటానికి వచ్చినవాళ్ళు వెళ్ళిపోవాలని గంట కొట్టేదాకా దయారత్నం ఆ మంచం పక్కనే కూర్చుని వచ్చాడు.

తొమ్మిదోరోజుకి రెండువందల ఒక్కమంది దొరికారు. మిగిలిన తొమ్మిదిమంది జాడ లేదు. ఇటుక బట్టీల పనికి వలస వెళ్ళినవాళ్ళు, రైలు స్టేషన్ల దగ్గర అడుక్కునేవాళ్ళు, ఊరి పేరు తప్పు రాయించినవాళ్ళు. ఇక్కడేమో కొత్త జోళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు డెబ్భైమంది ఉన్నారు. చెయ్యగలిగినంత చేశాం, ఇక మిషన్లు తిప్పుదాం అని దయారత్నం చెప్పాడు. అందులోనూ న్యాయం లేకపోలేదు. అందరూ బల్లల దగ్గరికి నడిచారు. జక్రయ్య నడవలేదు. పేర్ల కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇంకా తొమ్మిదిమందున్నారు సార్" అన్నాడు. దయారత్నం ఆగమంటున్నా ఆగకుండా గేటు దాటి రోడ్డెక్కాడు. ఆరేళ్ళలో దయారత్నం మాట కాదన్నవాళ్ళు లేరు.

మధ్యాహ్నం దయారత్నం గురువుగారి ఇంటికి వచ్చాడు. ఆయన వరండాలో టైరు ముక్కని అడుగు కొలతకి కోస్తున్నారు. జరిగిందంతా చెప్పాడు.

"నా మాట లక్ష్యపెట్టకుండా వెళ్ళిపోయాడు గురువుగారూ. ఒళ్ళు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. ఆరేళ్ళు రోజూ చదివించినా నేను తీసుకురాలేనిది ఆ మనిషిలోకి ఎలా వచ్చిందో! చూస్తుంటే నాకు గర్వంగా కూడా ఉంది" అన్నాడు.

ఏలియా గారు కత్తి ఆపి అతని ముఖంలోకి చూశారు.

"ఆడొక్కడే ఎల్లాడా?"

"ఒక్కడే, గురువుగారూ."

"మరి నువ్వింకా ఇక్కడేటి సేత్తన్నావురా?" అన్నారు.