సీసపు దిబ్బ

అనగనగా ఒక అడవి అంచున మెత్తని మట్టిదిబ్బ ఒకటి ఉండేది. గోరు తగిలితే చాలు, మట్టి పొడిపొడిగా రాలిపోయేది. తవ్వుకోవడం సులువని కుందేళ్లు, ముంగిసలు, ముళ్లపందులు అక్కడే బొరియలు చేసుకుని కాపురాలు పెట్టాయి.

వాటిలో బూరుగు అనే కుందేలు ఒకటి. దాని ఒక్కగానొక్క పిల్ల పేరు దూది. దూదికి మన్ను తినే అలవాటు. "తియ్యగా ఉందమ్మా!" అనేది. పిల్లలన్నాక మన్ను తినకుండా ఉంటారా అని బూరుగు నవ్వి ఊరుకునేది.

వానలు వెనకబట్టాక దూది తిండి మానేసింది. కడుపునొప్పితో ముడుచుకుపోయేది. గంతు వేయబోతే కాళ్లు తడబడేవి. ఒకరోజు తల్లి పిలిస్తే ఎవరో కొత్తవాళ్లను చూసినట్టు చూసింది. 

బండమీద వాలిన తీతువు పిట్ట అది చూసి అంది: "అమ్మా, ఈ మట్టిని నమ్మకు. మీరు రాకముందు మనుషులు ఇక్కడ పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించారు. ఆ బూడిదంతా ఈ దిబ్బలోనే ఉంది. సీసం విషం. నా పిల్లలు ఇక్కడే రెక్కలు వాల్చేసి పోయాయి."

బూరుగు పరుగున దిబ్బకు పెద్ద అయిన అడవిపంది దగ్గరకు వెళ్లి ఆ మాట చెప్పింది.

అడవిపంది కోరలు చూపి గుర్రుమంది. "తీతువు కూతలు నమ్ముతావా? ఈ సంగతి బయటికి పొక్కితే అడవిలో మనల్ని ఎవరైనా దగ్గరికి రానిస్తారా? ఇంకోసారి ఈ మాటెత్తితే నీ బొరియ పూడ్పిస్తాను, జాగ్రత్త!"

నోరు మెదిపితే ఇల్లు పోతుంది. జబ్బుపిల్లను నోట కరుచుకుని ఎక్కడికి పోవాలి? బూరుగు వెనక్కి వచ్చింది. బొరియలో దూది కాళ్లు కొట్టుకుంటోంది. కళ్లు తేలేసింది. ఆ మూర్ఛ తగ్గేదాకా బిడ్డను పొదువుకుని కూర్చుని, బూరుగు పైకి లేచింది. "ఇల్లు పోతే పోనీ," అనుకుంది.

మొదట ముంగిస గడప తొక్కింది. "మా వాడికేం? నిక్షేపంలా ఉన్నాడు. వెళ్లు వెళ్లు!" అంది ముంగిస. లోపలినుంచి సన్నగా మూలుగు వినిపించింది.

తర్వాత పక్క కుందేలు దగ్గరకు వెళ్లింది. అది బూరుగు మాట పూర్తికాకముందే మట్టి తోసి గుమ్మం మూసేసింది.

చివరికి ముళ్లపంది దగ్గరకు వెళ్లింది. ముళ్లపంది ముళ్లన్నీ నిక్కబొడుచుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"వదినా, నా బిడ్డ నాకు దక్కదేమో. నీ పిల్లలు ఎలా ఉన్నారు?" అంది బూరుగు.

ముళ్లు మెల్లగా వాలిపోయాయి. ముళ్లపంది పక్కకు తప్పుకుంది. లోపల రెండు పిల్లలూ కదలకుండా పడి ఉన్నాయి.

"మా ఒక్క ఇంటికే ఈ శాపమనుకున్నాను," అని ముళ్లపంది భోరుమంది.

"నేనూ అలాగే అనుకున్నాను వదినా!"

రెండూ కలిసి మళ్లీ ముంగిసను పిలిచాయి. ఈసారి అది తన పిల్లను బయటికి తెచ్చింది. పక్క కుందేలు గుమ్మం తెరిచింది. తల్లులంతా పిల్లలతో వెళ్లి అడవిపంది ముందు నిలబడ్డాయి. అడవిపంది వాటిని చూసి చూసి తల దించుకుంది. లోపలికి వెళ్లి, తూలిపోతున్న తన కూనను బయటికి తెచ్చింది.

"భయపడ్డాను," అంది.

ఆ రోజే అందరూ వాగు దాటి అవతలి గట్టుకు చేరారు. పిల్లల ఒళ్లు కడిగారు. అడవిపంది గట్టున మంచి మట్టి పెళ్లగించింది. మిగతావి దాన్ని మోసి దిబ్బనంతా కప్పాయి. దుమ్ము లేవకుండా పైన గరిక నాటాయి, చుట్టూ ముళ్లకంప వేశాయి. దిబ్బ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ కాళ్లు కడుక్కునే కొత్త బొరియలకు వెళ్లాయి.

చాలామంది పిల్లలు మెల్లగా తేరుకున్నారు. ముళ్లపంది చిన్నకూన మాత్రం దక్కలేదు. దూది బతికింది గానీ, తోటి పిల్లలతో సమానంగా ఎన్నడూ పరుగెత్తలేకపోయింది.

కొన్నాళ్లకు ఎక్కడినుంచో ఒక కొత్త కుందేలు పిల్లలతో వచ్చి ముళ్లకంప పక్కకు లాగబోయింది. బూరుగు ఎదురెళ్లి అడ్డంగా నిలబడింది. దూదిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఆగమ్మా, ఇక్కడ మా పిల్లలకేం జరిగిందో ముందు విను," అంది.

నీతి: ఆపదను గుట్టుగా దాస్తే అది ఇల్లిల్లూ తింటుంది. భయమేసినా నలుగురికీ చెప్పాలి. నలుగురూ కలిస్తేనే దానికి అడ్డుకట్ట పడుతుంది.