ఆవు చేపెను

పురుషోత్తముడి చదువు ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. తాటాకు గ్రంథంలో "దూడను చూచి ఆవు చేపెను" అని ఉంది. చేప అంటే తెలుసు. చేపడం అంటే ఏమిటో తెలియలేదు. మఠంలో ఉన్న నిఘంటువులన్నీ తిరగేశాడు. చివరికి గురువు పరాంకుశస్వామి దగ్గరికి వెళ్ళాడు.

"పాలు తెచ్చే అసిరమ్మను అడుగు" అన్నాడు గురువు.

శిష్యుడు తల దించుకున్నాడు. "అడిగాను స్వామీ. 'నాకు మాట తిరగదు బాబూ' అని వెళ్ళిపోయింది."

"అలా ఎందుకంది?"

చెప్పక తప్పలేదు. పది రోజుల కిందట ఆమె "సెంబు ఇయ్యండి బాబూ" అంటే, "సెంబు కాదు, చెంబు. ఏదీ, అను" అని అందరి ముందూ మూడుసార్లు పలికించాడు. తోటి శిష్యులు నవ్వారు. ఆనాటి నుంచి ఆమె పాలు గడప దగ్గర పెట్టి, నోరు విప్పకుండా వెళ్ళిపోతోంది.

గురువు మర్నాడు తెల్లవారగానే శిష్యుణ్ణి వెంటబెట్టుకుని ఏటి గట్టున ఉన్న అసిరమ్మ పాకకి వెళ్ళాడు. ఆమె కంగారుగా లేచి నిలబడింది.

ఒక్క అక్షరం తప్పు పలకడని పేరున్న పరాంకుశస్వామి నేల మీదే చతికిలబడ్డాడు.

"అమ్మా, మా తాటాకులో 'ఆవు చేపెను' అని ఉంది. అంటే ఆవు ఏట్లో దిగి చేపలు పట్టిందనేనా?"

అసిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"ఆవు సేపలు పట్టడమేటి సామీ! ఇలా సూడండి."

దూడ కట్టు విప్పింది. అది పరుగున వెళ్ళి తల్లి పొదుగును కుమ్మింది. ఆవు మెడ తిప్పి దాని వీపు నాకింది. కాసేపటికి పొదుగు నిండింది. దూడ నోరు పెట్టని చన్నుల నుంచి కూడా పాలు బొట్లు బొట్లుగా రాలాయి.

"ఇదే సామీ, సేపడమంటే. మనం పిండితే వచ్చేది కాదు. బిడ్డని సూస్తే దానంతట అదే వస్తాది."

ఆమె ఆవు మెడ నిమిరింది.

"మనుసులకీ అంతే. నా బిడ్డ పోయిన మూడోనాడు పక్కింట్లో పసిపిల్ల ఏడిసింది. నాకు సేపుకొచ్చింది. రైక తడిసిపోయింది. ఎల్లి ఆ పిల్లకే ఇచ్చాను."

రాసుకోవడానికి తెచ్చిన గంటం పురుషోత్తముడి చేతిలోనే ఉండిపోయింది.

"ఆ మాట ఇంకోసారి చెప్పమ్మా" అన్నాడు.

"సేపు, బాబూ."

"సేపు" అన్నాడు అతడు, అచ్చం ఆమె పలికినట్టే.

తిరిగి వస్తూ దారిలో అడిగాడు. "స్వామీ, ఈ మాట మీకు ముందే తెలుసు కదూ?"

"మాట తెలుసు" అన్నాడు గురువు. "ఆమెకో బిడ్డ ఉండేదని తెలియదు."