బండెక్కిన దెయ్యం, బతికిన పుంజు

అనగా అనగా, రాజులంతా గుర్రాలు దిగి మోటారు సైకిళ్ళెక్కిన కాలంలో, ఒక ఊళ్ళో బంగారునాయుడని ఒక పెద్దమనిషి ఉండేవాడు. రాజు కాడు గాని మీసం మాత్రం రాజుదే. ఆయనకో మోటారు సైకిలు. ఆయన కోడలు సన్యాసమ్మ. పిల్లప్పట్నించీ ఆవిడ చేతిలో గింజలు తిని పెరిగిన నల్లపుంజు ఒకటి, పేరు దొర. ఊ కొట్టండి మరి, కొట్టకపోతే నాకు నిద్రొస్తుంది.

ఆ బండికి రోగమొచ్చింది. ఒక కిక్కు కొడితే దగ్గేది, ఇంకో కిక్కు కొడితే తుమ్మేది, దారిలో ఎక్కిళ్ళు పెట్టేది. పెట్రోలు మాత్రం పెళ్ళివారిలా తాగేది. చివరికి ఓ రోజు గుమ్మం ముందే మొరాయించింది.

"ఇంజన్లో నిప్పు రాజేసే ప్లగ్గు అరిగుంటుంది, మార్చేద్దాం మావయ్యా" అంది సన్యాసమ్మ. పుట్టింట్లో అన్నల బళ్ళు విప్పి బిగించిన చెయ్యి ఆవిడది. ఆయనకి ఒళ్ళు మండింది. షోరూములో బండితో పాటు వచ్చిన ప్లగ్గు ముత్తైదువ మెళ్ళో తాళిలాంటిదట, తియ్యకూడదట! కొన్నాక ఒక్కసారి విప్పి చూసింది లేదు గాని, దసరా దసరాకీ దానికి పసుపు రాసి బొట్టు పెట్టేవాడు. ఎంత తెలివో చూశారా!

ఇహ మొదలు. నిమ్మకాయ కట్టాడు, బండి కదల్లేదు. మిరపకాయలు కట్టాడు, బండి కదల్లేదు. గుమ్మడికాయ కొట్టాడు, బండి కదల్లేదు, ఆ ముక్క మీద కాలేసి ఆయనే కదిలెళ్ళి కాలవలో పడ్డాడు. పెద్దవాళ్ళు పడితే నవ్వకూడదు. సరే, కొంచెం నవ్వండి.

అప్పుడు భూతవైద్యుణ్ణి పిలిచాడు. వాడు బండి చుట్టూ తిరిగి, వాసన చూసి, వెనక సీటు మీద దెయ్యం కూచుందన్నాడు. సాయంత్రానికి నల్లపుంజుని కోసి కూరొండి పెడితే దిగుతుందన్నాడు. ఆ కూర తినేదెవరో వేరే చెప్పాలా? సన్యాసమ్మ చటుక్కున దొరని చంకనెత్తుకుంది. ఊళ్ళో నల్లపుంజంటే దొర ఒక్కడే.

"బండి కదిలితే పుంజుని వదిలేస్తారా?" అని మావగారిని అడిగింది.

"నువ్వా కదిపేది! కదుపు, చూస్తాను" అని భోంచేసి, గుర్రుపెట్టి పడుకున్నాడు. చూసే మొహమే అది!

ఆవిడ పరుగున బజారుకెళ్ళి, ఆ బండికి ఏది సరిపోతుందో అదే ప్లగ్గు అడిగి తెచ్చింది. ఇంజను చల్లగా ఉందని చేత్తో చూసుకుంది, వేడిమీద విప్పితే మరలు పాడవుతాయి. చుట్టూ ఉన్న మట్టీ, మావగారి పసుపూ లోపల పడకుండా పాత బ్రష్షుతో దులిపింది. వైరు పట్టి లాగకుండా ప్లగ్గు మీది క్యాపు పట్టుకునే లాగింది. పానా తొడిగి ఎడమకి తిప్పింది. ప్లగ్గు బయటికొచ్చింది, మూతి నిండా మసి, కొస అరిగి మొండి. కొత్తదాన్ని ముందు వేళ్ళతోనే మెల్లగా తిప్పి, మర కుదురుగా పట్టాక పానాతో బిగించింది. బిగువు చాలు, మల్లయుద్ధం అక్కర్లేదు. క్యాపు తొడిగి కిక్కు కొడితే, బుర్రుమంది!

మావగారు పంచె సర్దుకుంటూ వచ్చాడు. అరుగు మీద కత్తి నూరుతున్న భూతవైద్యుడూ వచ్చాడు. దెయ్యం తన మంత్రానికి పారిపోయిందని వాడు, తన మీసానికి జడిసిందని ఈయన, ఒకటే గొడవ.

సన్యాసమ్మ ఆ మసి ప్లగ్గు మావగారి అరచేతిలో పెట్టింది.

"ఇదిగో మావయ్యా, దెయ్యం దిగింది. దీనికి కూరేం కావాలో మీరే అడగండి."

ఆ పూట వైద్యుడు చారన్నం తిన్నాడు, పుంజు పెరడంతా కెలుక్కుంటూ పురుగులేరుకుంది, అందరూ హాయిగా ఉన్నారు.

అందుకని, బండి దగ్గితే ప్లగ్గు విప్పి చూడండి, అరిగితే మార్చండి. దెయ్యాలకి మీ డొక్కుబండి ఎక్కే ఖర్మేం పట్టలేదు. కథ బుర్రున కంచికెళ్ళిపోయింది, ఇహ మనం దుప్పట్లోకెళ్దాం.